జై తెలంగాణకు లేచిన చేతులు

ఆ రోజుల్లో సిరిసిల్లలో చెయ్యి కిందికి దించుకుని ఉన్న మనిషి దొరకడం కష్టం. ఎవరు ఎక్కడ 'జై తెలంగాణ' అన్నా అందరి పిడికిళ్లూ లేచేవి (చాయ్ గ్లాసు పట్టుకున్నవాడు రెండో చెయ్యి లేపేవాడు). ఆ చేతులన్నీ లెక్కపెట్టిన ఘనుణ్ని నేను. పెద్ద చదువు లేకపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నానని నాకు కొంచెం పొగరు. ఇప్పుడూ ఉంది, కాకపోతే దాన్ని అనుభవం అంటున్నాను.

మా మేనమామ మా వాడ నేత కార్మికుల సంఘానికి అధ్యక్షుడు. నాలుగేళ్ల పదవి. కమిటీలో పదిమంది ఉంటే ఎనిమిది మంది మామ మనుషులే కాబట్టి మామ దగ్గినా తీర్మానమయ్యేది. వేములవాడ దాకా ఉద్యమ పాదయాత్ర తియ్యాలని, బ్యానర్ వెనక నడిమధ్యన తానే నడవాలని ఆయన కోరిక. తెల్ల లాల్చీ కూడా కుట్టించుకున్నాడు. అంతలో పదవి సగంలో, నిబంధన ప్రకారం, ఐదుగురు కమిటీ సభ్యుల స్థానాలకు మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆ ఐదుగురూ మామవాళ్లే.

మామ సభ పెట్టి, మైకులో "జై తెలంగాణ" అని, అదే ఊపులో "మన ఐదుగురిని గెలిపిస్తరా?" అన్నాడు. చేతులు దిగేలోపే లెక్కపెట్టేశాను. సంఘంలోని రెండు వందల నలభై మంది సభ్యుల్లో రెండు వందల పన్నెండు చేతులు!

"ఐదుకు ఐదు మనయే మామా. రాసిస్త!"

ఇంట్లో కండెలకు నూలు చుడుతున్న అత్త తల కూడా ఎత్తలేదు. "జై తెలంగాణంటె నేను గూడ లేపిన. గని మీ మామ మనుషులకు ఓటెయ్య. రెండేండ్లాయె, సంఘం ఆఫీసుల ఆడోళ్లు కూసుండెటందుకు జాగ లేదు."

నేను వెంటనే రెండు వందల పన్నెండులోంచి ఒకటి తీసేశాను. అత్త ఓటు తీసేశాను గానీ, ఆమె చెప్పిన కారణాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చీటీలు విప్పితే ఐదుకు సున్నా. మామ పదవి పోలేదు, అదే అసలు బాధ. పోతే ఇంట్లో కూర్చునేవాడు. ఇప్పుడు కుర్చీ ఉంది, బల్లమీద గంట ఉంది, కమిటీలో ఏడుగురు ఏమంటే దానికింద సంతకం పెట్టే పని ఉంది. మొదటి సంతకం ఆఫీసులో ఆడవాళ్లకు బెంచీల కోసం. రెండోది, పాదయాత్రలో బ్యానర్ వెనక నడుమ నూలు చుట్టే ఆడవాళ్లే నడవాలని.

"మరి అధ్యక్షుడేడ నడవాలె?" అన్నాడు మామ.

"నువ్వు కట్టె వట్టుకో అన్నా, గట్టి మనిషివి," అన్నాడు కొత్త మెంబరు, ఎంతో వినయంగా.

అలా మామ లాల్చీ తొడుక్కుని బ్యానర్ చివర కట్టె పట్టుకున్నాడు. శిక్షగా నన్ను పక్కనే నడిపించాడు. ఊరు దాటగానే నడుమనుంచి అత్త గొంతెత్తి "జై తెలంగాణ!" అంది. రోడ్డంతా చేతులు లేచాయి.

"ఎంతమంది లేపిన్రురా?"

"అందరు లేపిన్రు మామా. నీదొక్కటే తక్కువ."

మామ నావైపు కోపంగా చూసి, కట్టె నా చేతుల్లో పెట్టి, రెండు పిడికిళ్లూ పైకి లేపాడు. "గిప్పుడు లెక్కవెట్టు!"

వేళ్లు మడవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు. ఇప్పటికీ ఏ సభలో చేతులు లేచినా నోట్లోనే లెక్కపెట్టుకుంటాను. ఆ రోజు లెక్క మాత్రం నా దగ్గర లేదు. రెండు చేతులూ లేపి అత్త నినాదానికి బదులిచ్చిన మామ ఒక్కడే కనిపిస్తాడు.