బావ పడవకు పెట్టిన తూములు

సన్నగా ఉంటే ఎన్నో లాభాలని డాక్టర్లు చెప్తుంటారు గానీ, వాళ్ళెవరూ లింగంపల్లి నుంచి మాదాపూర్‌కు సెవెన్ సీటర్ ఆటోలో వచ్చినట్టు లేదు. బక్కవాణ్ని చూడగానే డ్రైవర్ మొహం వెలిగేది. "తమ్మీ, నువ్వు ముందలికి రా" అని తన సీట్లో ఒక మూల చూపించేవాడు. మూల అంటే మర్యాదకు అంటున్నాను. సగం నేను లోపల, సగం బయట. చార్జీ మాత్రం మనిషి మొత్తానికి తీసుకునేవాడు.

తొంభైలు ముగియవస్తున్న ఆ రోజుల్లో నేనలా రోజూ వేలాడుతూ పోయింది ఉద్యోగానికి కాదు, మా బావ షెడ్డుకు. ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటుంటే నేను మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి కూర్చున్నాను. ఇంట్లో కుళాయి కారితే నన్ను పిలిచేవారు. అంతకు మించి నా చదువుతో ఎవరికీ పని పడలేదు.

బావ అంటే మా అక్క భర్త. పెద్ద ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగం వదిలేసి, గుట్టల పక్కన రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, ఫైబర్‌తో నీళ్ళ ట్యాంకులు, బాత్రూం తలుపులు చేసేవాడు. అక్క ఒక దసరా నుంచి మరో దసరా దాకా గడువిచ్చింది. ఆలోగా షెడ్డు నిలబడకపోతే నార్సింగిలో మా మేనమామ ఇటుకల బట్టీలో సూపర్‌వైజరుగా చేరాలి. మేనమామ మంచివాడే. ఆయన మాట్లాడతాడు, చేరినవాడు వింటాడు. మా వంశంలో ఇద్దరు అలా విని విని ముసలివాళ్ళయ్యారు.

దసరా దగ్గరపడుతుండగా బావకు పడవల ఆర్డరు తగిలింది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక ఆసామి గుట్టల మధ్య ఉన్న చెరువు గట్టున హోటల్ కడుతున్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు సాయంత్రాలు వచ్చి పడవెక్కుతారని ఆయన నమ్మకం. ముందు ఒకటి చేయండి, బాగుంటే ఇంకో ఐదు అన్నాడు. బావ అంతవరకు పడవను దగ్గర్నుంచి చూడలేదు.

"ట్యాంకు చేసినోనికి పడవెంత తమ్మీ. ట్యాంకుల నీళ్ళు లోపలుంటయ్, పడవకు బయటుంటయ్. గంతే గద," అన్నాడు.

పడవ అందంగానే వచ్చింది. అడుగున బోలుగా వదిలి, పైన కాళ్ళు పెట్టుకోవడానికి నున్నటి తట్టు వేశాం. వానపడినా, తెడ్డు చిమ్మినా ఆ నీళ్ళు తట్టు మీద నుంచి జారి వెనకవైపు రెండు తూముల గుండా చెరువులోకి పోవాలి. తూములంటే ట్యాంకులకు పెట్టే పైపు ముక్కలే. చెరువులోకి దించి మేమిద్దరం, షెడ్డులో పనివాళ్ళు ఇద్దరు ఎక్కి చూశాం. బకెట్టు నీళ్ళు పోస్తే బుద్ధిగా బయటికి పోయాయి. నలుగురం కలిపి ఆటోలో ముందు సీటుకు సరిపోయేవాళ్ళమని అప్పుడు తట్టలేదు.

ఆసామి తన తమ్ముడితో, మేనేజరుతో వచ్చాడు. ముగ్గురూ పుష్టిగా ఉన్నవాళ్ళు. ముగ్గురూ ఆనుకోవడానికి వీలుగా ఉందని వెనక బల్ల మీదే కూర్చున్నారు. పడవ వెనక భాగం దిగింది. తూములు చెరువు మట్టానికి కిందికి పోయాయి. నీళ్ళు తొందరేం లేకుండా, పిలిచిన పేరంటానికి వచ్చినట్టు లోపలికి వచ్చాయి.

ఆసామి పాదాలు పైకి తీసుకున్నాడు. "ఈ గొట్టాలు నీళ్ళు పోవడానికి పెట్టారా, రావడానికి పెట్టారా అండీ?"

"పోనీకే సార్."

"వస్తున్నాయండి."

"అవు సార్. చూస్తున్న."

ఆయన కోప్పడలేదు. దసరా ముందు ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. ఆవేళ పాదాలు తడవకపోతే ఐదు పడవలూ మావే. తడిస్తే తమ వైపు నుంచి తెప్పించుకుంటాడు. నీళ్ళు పుట్టినచోటే పడవ కొనుక్కోవాలని వాళ్ళ నాన్న అనేవాడట.

తూములకు బిరడాలు కొడదామన్నాడు బావ. అప్పుడు చిమ్మిన నీళ్ళు లోపలే ఉండిపోతాయన్నాను. తట్టు ఎత్తుచేద్దామంటే అచ్చు మళ్ళీ చేయాలి, దసరా ఆగదు. కావలసింది ఒకవైపే తెరుచుకునే తలుపు. లోపలి నీళ్ళు తోస్తే తెరుచుకోవాలి, బయటి నీళ్ళు తోస్తే మూసుకోవాలి. మొదటిసారి నా డిగ్రీ ఒక వాక్యానికి పనికొచ్చింది.

బాత్రూం తలుపులు చేసేవాడికి తలుపంటే భయమేముంది. తూము బయట, పైఅంచుకు మాత్రమే బిగించి, రబ్బరు ముక్క వేలాడదీశాం. లారీ ట్యూబు ముక్క పెడితే అది ఎటూ తెరుచుకోలేదు. సైకిల్ ట్యూబు ముక్క మరీ మెత్తనిది, చెరువు తోస్తే మడతపడి తూములోకే దూరింది. పంక్చర్ షాపతను ఆటో ట్యూబు ఇస్తూ, "ఇంతకీ బండేదన్నా?" అని అడిగాడు. బావ పడవన్నాడు. అతను డబ్బులు ముందే ఇమ్మన్నాడు.

ఆటో ట్యూబు పనిచేసింది. వెనక బల్ల మీద ఇసుక బస్తాలు పేర్చి పొద్దంతా చూశాం. లోపల బకెట్టు పోస్తే రబ్బరు నోరు తెరిచి వదిలేది, మళ్ళీ గట్టిగా మూసుకునేది. బావ తట్టు మీద అరచేత్తో రాసి, పొడిచేతిని నాకు చూపించాడు. ఆ రోజు బీడీ కూడా తాగలేదు.

ఆదివారం అక్క పూజసామానుతో వచ్చింది. కొత్త బండికి పూజ చేయకుండా ఎక్కుతారా అంది. పడవ బండేనా అని నేను అనబోయి మానుకున్నాను. ముందుభాగానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు తెంపి తట్టునిండా చల్లింది. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళూ, చెంబెడు నీళ్ళూ పోసింది. అంతా చక్కగా తూముల వైపు జారిపోయింది. "మంచిగ పోతున్నయే" అని మెచ్చుకుంది కూడా. బావ మురిసిపోయాడు.

ఆసామి అక్కను కూడా ఎక్కమన్నాడు. "ఆడవాళ్ళు కూర్చుంటేనేనండి అసలు సంగతి తెలిసేది." అక్క పట్టుచీరలో వెనక బల్ల మీద, ఆయన పక్కన కూర్చుంది. చెరువు మధ్యకు పోయేదాకా అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళ కోసం కట్టిన గుండ్రటి కొత్త బిల్డింగు గుట్టల పైనుంచి కనిపిస్తోందని ఒకరికొకరు చెప్పుకున్నాం.

"ఏందయ్యా," అంది అక్క నెమ్మదిగా. "నా కాళ్ళు తడుస్తున్నయ్."

మునగదు. అడుగున బోలు ఉంది గనక మునగదు. ఆ సంగతి లెక్కకు తెలుసు, కాళ్ళకు తెలియదు. అక్క కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మొగుణ్ని చూసింది. ఆ చూపులో నార్సింగి మొత్తం ఉంది.

బావ వెనక అంచు మీద బోర్లా పడుకున్నాడు. ఆయనకు ఈత రాదు గనక నేను నడుం పట్టుకున్నాను. నన్నెవరు పట్టుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమి, రబ్బరు కింద నుంచి గుప్పెడు తీశాడు. బంతిపూల రేకులు, వాటిని కట్టగట్టినట్టు కొబ్బరిపీచు. రెండో తూముకూ అంతే. తలుపు మూసుకోకుండా అడ్డంపడ్డాయి.

ఆయన అరచేయి తెరిచాడు. అందరం చూశాం. ఎవరి పూలో ఎవరూ అడగలేదు.

"బంతిపూలండి," అన్నాడు ఆసామి.

చెంబుతో నీళ్ళు తోడిపోశాం. తరవాత చెరువు చుట్టూ తిరిగాం. ఆసామి చెప్పులు విప్పి, పాదాలు తట్టుకు ఆనించి, ఒక్కొక్కటే ఎత్తి అడుగు చూసుకుంటూ కూర్చున్నాడు. గట్టుకు చేరేసరికి పొడిగానే ఉన్నాయి.

"ఐదూ చెయ్యండి," అన్నాడు. "ఆ గొట్టాలకు లోపలివైపు జల్లెడ ఒకటి పెట్టండి. మన జనం పూలు మానరు."

బావ ఆయన్ను జీపుదాకా సాగనంపి తిరిగొచ్చాడు. అక్క రాతిమీద కూర్చుని పట్టుచీర అంచు పిండుకుంటోంది. ఆయన ఎదురుగా నిలబడ్డాడు. గడువు సంగతి తనంతట తను అడగలేదు.

"చేసుకో," అంది అక్క తలెత్తకుండా. "మామకు నేను చెప్పుకుంట. నన్ను మాత్రం నీ పడవల ఇగ ఎప్పుడు ఎక్కమనకు."