కరుణమ్మ టీచరు లవంగం

నేటి ఉదయం మా అమ్మాయి భారతి వంటింట్లో నేతిలో లవంగాలు వేయించింది. ఆ ఘాటు వసారాలో కూర్చున్న నన్ను తాకగానే నా పెదవులు వాటంతట అవే బిగుసుకున్నాయి. ముప్పై ఏళ్లు దాటినా ఈ అలవాటు నన్ను విడువలేదు. దీనిని నాకు నేర్పినది మెట్టుగూడలో మా పక్క వాటాలో కాపురమున్న కరుణమ్మ టీచరు.

ఆమె సికింద్రాబాదులోనే పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబపు మనిషి. వీధి చివరనున్న చర్చి వారి బడిలో మూడో తరగతికి పాఠం చెప్పేది. అరవైమంది పిల్లలకు వినబడవలసిన గొంతు కనుక, చిన్న తగరపు డబ్బీలో లవంగాలు పోసుకొని ఎల్లవేళలా దగ్గర ఉంచుకునేది.

భారతికి అప్పుడు ఏడేళ్లు. నేను బడి గడప తొక్కి ఎరుగను. మా తండ్రిగారి ఎదుట చాప మీద కూర్చొని పద్యం, శ్లోకం, గణితం అన్నీ నేర్చుకొని, తరువాత ప్రైవేటుగా పరీక్షలు రాసినవాణ్ణి. సాయంకాల కళాశాలలో తెలుగు చెబుతూ పగలంతా ఇంటనే ఉండేవాణ్ణి. అందుచేత నా కూతురికీ ఆ చాపే చాలునని నిశ్చయించుకున్నాను. నా భార్యకు అది సమ్మతం కాలేదు.

“ఆ చాప మీద మీరు ఆరుగురు అన్నదమ్ములు కూర్చున్నారండీ. దీని పక్కన ఎవరున్నారు?” అన్నది.

బడిలో చేర్చుకొనే గడువు వచ్చే సోమవారంతో ముగుస్తుంది. మా వాదన తెగక, ఆమే వెళ్లి కరుణమ్మను పిలుచుకొని వచ్చింది.

“ఏంది సార్, అమ్మతోని పంచాయితీ అయితుందంట?” అంటూ టీచరు పీట లాక్కొని కూర్చుంది.

నేను భారతి చేత పన్నెండు పద్యాలు చదివించాను. ఒక్క తప్పు దొర్లలేదు. గర్వంగా టీచరు వంక చూశాను.

“పిల్లకు మంచిగనే వచ్చినయ్. మీకింకా మంచిగొచ్చినయ్. ప్రతి పాదానికి మొదటి మాట మీరే అందిస్తున్నరు గద.”

“నేనెక్కడ అందించానమ్మా?” అన్నాను. నా భార్య ముఖం పక్కకు తిప్పుకుంది.

“గట్లనా? అయితే జెర ఈ లవంగం నోట్ల పెట్టుకోండ్రి. కొరకొద్దు, పెదవి తెరవొద్దు. బిడ్డా, మళ్ల షురూ చెయ్యి.”

భారతి నా నోటి వంక చూసింది. చూస్తూనే ఉన్నది. ఒక్క మాటా రాలేదు. పాదం మొదట్లో మాట అందించడం మా ఇంట తరతరాల వాత్సల్యం. మా తండ్రిగారు నాకట్లే అందించారు. అది బిడ్డకు ఊతకర్ర అయినదని నాకు ఆ క్షణం వరకు తెలియదు. నా విద్య మీద నాకున్న నమ్మకం ఆ నిశ్శబ్దంలో మొదటిసారి కంపించింది.

టీచరు నవ్వలేదు. డబ్బీని నా చేతిలో పెట్టింది. “శనివారం దాంక టైముంది. రోజుకొక లవంగం. అప్పటికి పిల్ల తనంతట తను చెప్తే ఇంట్లనే చదివించుకోండ్రి, అమ్మకు నేను చెప్త. ఒక్క బిడ్డను గింత దగ్గర కూసోబెట్టుకునుడు మా బళ్లె కాదు సార్. గది సుత నిజమే.”

ఆ వారం నేను పడిన శ్రమ ఏ పరీక్షకూ పడలేదు. రెండవనాడు ఆగలేక లవంగం కొరికి, నాలుక మొద్దుబారి, కళాశాలలో పాఠం చెబుతూ తడబడ్డాను. కానీ శనివారం నాడు, టీచరు గడపలో నిలిచి వింటుండగా, భారతి ఏడవ పద్యం నడుమ ఆగి, నా వంక చూడక కన్నులు మూసుకొని, రెండు పాదాలు వెనక్కు వెళ్లి మళ్లీ ఎత్తుకొని, ఆగిన చోటు దాటింది. పన్నెండూ ముగించింది.

“గెలిచిండ్రు సార్,” అన్నది కరుణమ్మ.

భారతి మా ముగ్గురినీ చూసి, ఖాళీగా ఉన్న వాకిలి వైపు చూసి అడిగింది: “నాన్నా, ఇప్పుడు ఇంకెవరికి చెప్పను?”



సోమవారం నేనే దాని చేయి పట్టుకొని బడికి తీసుకువెళ్లాను. చాప చదువు మానలేదు. తెల్లవారుజాముకు మారింది, అంతే.  గెలిచి ఓడిన నేను డబ్బీ తిరిగి ఇవ్వబోతే టీచరు, “వాపస్ వద్దు సార్, మీకు పని పడ్తది,” అన్నది. మొదటి వారంలోనే, భారతి తడబడిన పిల్లలందరికీ మొదటి మాట అందిస్తున్నదని టీచరు దాని నోట కూడా ఒక లవంగం పెట్టిందట.

కరుణమ్మ ఇప్పుడు లేదు. ఇందాక భారతి కూతురు పుస్తకం నా చేతికిచ్చి పద్యం అప్పజెబుతూ రెండవ పాదంలో ఆగింది.

“తాతయ్యా, తర్వాత ఏంటి?”

ఆ మాట నా నాలుక చివరనే ఉన్నది. డబ్బీ తెరిచి, ఒక లవంగం నోట వేసుకొని, పుస్తకం మూసి, బిడ్డ కన్నుల్లోకి చూస్తూ కూర్చున్నాను.