బ్రెజిల్ నోటు కోసం కంబదూరు దాకా

దక్షిణ అమెరికా పాత నోట్లు కావాలంటే ఫోన్‌లో వెతికితే చాలు, పోస్టులో ఇంటికే వస్తాయి. కానీ నాకొక చాదస్తం ఉంది. నోటును అమ్మేవాళ్ల దగ్గర కొనను. దాన్ని దాచుకున్న మనిషి చేతి నుంచే తీసుకుంటాను, అంత దూరం నుంచి అది మన దాకా ఎలా వచ్చిందో అడిగి తెలుసుకుంటాను. ఆ దేశాల్లో 1940ల నుంచి అరవైల మొదటి దాకా అచ్చయిన నోట్లంటే మరీ ఇష్టం. పెరూ నోటు మీద డాలు పట్టుకుని కూర్చున్న దేవతను చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. చెల్లని నోట్ల కోసం చెల్లే నోట్లు తగలేస్తోందని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాడు. గుంటూరు నుంచి వచ్చి అనంతపురంలో సోషల్ టీచరుగా స్థిరపడ్డ నాకు ఈ పిచ్చి వల్లే జిల్లా తెలిసింది. పుట్టపర్తికి దేశదేశాల మనుషులు వచ్చి వెళ్తుంటారు కాబట్టి కొత్తచెరువు వైపు ఇళ్లలో అడిగితే, ఎవరో గుర్తుగా ఇచ్చిన నోటు ఒకటైనా బయటపడుతుంది. కంబదూరులో దొరుకుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మా బడిలో లెక్కలు చెప్పే సునీత ఒకరోజు తన మేనమామ తిప్పేస్వామి ఇంట్లో తీసిన ఫోటో చూపించింది. దేవుడి గూట్లో పటాల మధ్య బ్రెజిల్ ఐదు క్రుజేరోల నోటు. వెనకవైపు కనిపిస్తోంది. నీళ్ల మీద పళ్లేల్లా పరుచుకున్న పెద్ద పెద్ద ఆకులు, వాటి మధ్య కలువలాంటి పువ్వు. నా ఆల్బంలో దాని చోటు చాలాకాలంగా ఖాళీగా ఉంది. అక్కడికక్కడే ఆయనకు ఫోన్ చేయించాను. "దాందేముందమ్మా, ఆదివారం వచ్చి తీసకపో" అన్నాడాయన, కరివేపాకు రెబ్బ ఇచ్చినంత తేలిగ్గా.

మే నెల కాబట్టి ఎండ ముదరక ముందే అనంతపురం నుంచి కళ్యాణదుర్గం బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, టికెట్టు నూరు రూపాయల లోపే. కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులకు, అంటే మరమరాలకు, పెట్టిన తాలింపు. మా గుంటూరు వాళ్లకు కారం గురించి ఎవరూ చెప్పక్కర్లేదని నా ధీమా. ఆ బజ్జి నా ధీమాను ఒక్క కొరుకుతో దించింది. వండే ఆమె నా కళ్లు చూసి, "నీళ్లు తాగితే ఎక్కువైతాదక్కా, ఇంగొన్ని బొరుగులు నములు" అని మరో గరిటె వడ్డించింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

అక్కడి నుంచి కంబదూరుకు గంట లోపు బస్సు, ఆ తర్వాత ఆటో. నూటయాభైకి బేరం కుదిరాక తిప్పేస్వామి గారింటికి పోనివ్వమన్నాను.

"ఆయన ఇంటికాడ ఉండడు మేడమ్. ఈపొద్దు తోటకాడ బోరేస్తాండారు. నువ్వేమన్నా నీళ్లు చూసే మేడమా?"

"కాదు, నోట్లు చూసే మేడమ్‌ని."

"అయితే ఆయప్పకాడేం చూస్తావులే" అని ఆటో తోటవైపు తిప్పాడు.

తోట దగ్గర బోరు లారీ అప్పటికే నిలబడి ఉంది. చుట్టూ చీనీ చెట్లు, మేం బత్తాయి అనేవే, ఆకులు ముడుచుకుని, కాయలు గోలీలంతే ఉండి రాలుతున్నాయి. పాత బోరు ఎండి నెల దాటిందట. తొమ్మిదేళ్లు పెంచిన తోట, ఇంకో వారం తడి లేకపోతే కొట్టేసి కట్టెలకు అమ్ముకోవడమే. తిప్పేస్వామి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు కానీ నా ముఖం చూడలేదు. ఎందుకో మరుక్షణంలో తెలిసింది. ఆయన భార్య ఓబుళమ్మ చేతిలో పళ్లెం ఉంది. అందులో టెంకాయ, నిమ్మకాయలు, నా నోటు. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. పాత నోటు మీద తడి పసుపు చూస్తే మాలాంటి వాళ్లకు గుండె జారిపోతుంది.

"ఎవురికి చెప్పి ఇస్తానన్నాడమ్మా ఈయప్ప? ఇది నీళ్ల నోటు" అంది ఓబుళమ్మ.

కథంతా ఆమే చెప్పింది. పెళ్లయిన కొత్తలో తిప్పేస్వామి పుట్టపర్తిలో జీపు తోలేవాడు. బ్రెజిల్ ముసలామె ఒకావిడను చాలా రోజులు తిప్పాడు. వెళ్లేటప్పుడు ఆమె ఈ నోటు చేతిలో పెట్టి, ఇది మా దగ్గర ఇక చెల్లదు, బొమ్మ మాత్రం బాగుంటుందని సైగలు చేసిందట. నీళ్ల బొమ్మ చూసి ఓబుళమ్మ దాన్ని మొదటి బోరు పూజలో పెట్టింది. నీళ్లు పడ్డాయి. రెండో బోరుకూ పెట్టింది, పడ్డాయి.

"మూడోతూరి నేను మా అమ్మోళ్లింటికి పోయింటి. ఈయప్ప నోటు పెట్టకుండా ఏసినాడు. ఏం పడిందో అడుగు."

"దుమ్ము పడింది" అన్నాడు తిప్పేస్వామి బుద్ధిగా.

ఆమె నాకు ఖరాఖండిగా చెప్పింది. "ఈపొద్దు నీళ్లు పడకుంటే నువ్వే ఎత్తకపో. మళ్లా నా కండ్లకు కనపడకూడదు. పడితే మాత్రం ఇయ్యను."

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. వాళ్ల తోట ఎండుతుంటే నేను నోటు అంచులు చూస్తున్నాను. చిరుగు లేదు, మడత ఒక్కటే. సంచిలో దానికోసం తెచ్చిన ప్లాస్టిక్ కవరు ఉంది. దాన్ని తీసి ఓబుళమ్మకిచ్చాను. "బురద చిమ్ముతుంది, ఇందులో పెట్టండి."

"కవర్లో పెడితే సత్యం పోదూ?"

"దేవుడి పటాలకు అద్దం ఉంటుంది కదా" అన్నాను. ఆమె నోటును అందులో దూర్చి మళ్లీ పళ్లెంలో పెట్టింది.

టెంకాయ కొట్టి బోరు మొదలుపెట్టారు. ముందు ఎర్రమట్టి, తర్వాత తెల్లటి రాతి దుమ్ము. మధ్యాహ్నం చెట్టు కింద రాగి సంగటి, వేరుశనక్కాయల ఊరిబిండి పెట్టారు. అంత రుచిగల పచ్చడిని ఎవరూ సరిగా తినలేదు, అందరి కళ్లూ ఆ దుమ్ము మీదే. ఐదు వందల అడుగులు దాటాక తిప్పేస్వామి లేచి దూరంగా వెళ్లి, లారీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఓబుళమ్మ మాత్రం పళ్లెం దించలేదు. దుమ్ము తెల్లగా లేస్తున్న కొద్దీ ఆ నోటు నాకు దగ్గరవుతోంది. అది నాకొద్దనిపించింది. అంత గట్టిగా ఏ నోటునూ నేను వద్దనుకోలేదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, డాలు పట్టుకున్న పెరూ దేవతను కూడా వదల్లేదు.

దుమ్ము ఉన్నట్టుండి ఆగింది. తడి మట్టి ముద్దలుగా వచ్చింది. ఆ తర్వాత బూడిదరంగు నీళ్లు ఎగజిమ్మి మా అందరినీ తడిపేశాయి. "రెండించులు పైనే ఉండాది" అని లారీ మీది మనిషి కేకేశాడు. ఇక్కడ నీళ్లను ఇంచుల్లో కొలుస్తారు. తిప్పేస్వామి పరుగున వచ్చి ఆ బురద నీళ్లతోనే ముఖం కడుక్కున్నాడు. ఓబుళమ్మ దోసిట్లో నీళ్లు పట్టి దగ్గరి చీనీ చెట్టు మొదట్లో పోసింది. అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు. నాకూ వచ్చింది.

ఆటో ఎక్కేటప్పుడు తిప్పేస్వామి నీళ్లు నమిలాడు. "మాటిచ్చినాను కదా మేడమ్..."

"మాటిచ్చింది ఈయప్ప. కావాలంటే ఈయప్పను ఎత్తకపో అక్కా" అంది ఓబుళమ్మ. "నోటు మాత్రం మోటారు స్టార్టర్ పెట్టెలో కడతా. నీ కవరుతోనే."

సాయంత్రం బస్సులో బట్టల నిండా బురద మరకలతో తిరిగొస్తూ, ఇన్నేళ్లలో ఇంత సంతోషంగా ఉత్త చేతులతో ఎప్పుడైనా వచ్చానా అని ఆలోచించాను. బ్రెజిల్‌లో డబ్బు ఎన్నిసార్లు పేరు మార్చుకుందో, ఎంత విలువ పోగొట్టుకుందో పాఠంలా చెప్పగలను. ఒక జీపు డ్రైవరు చేతిలో పెట్టిన నోటు ఇన్నాళ్లు ఒక ఇంటిని నిలబెడుతుందని ఆ ముసలామెకు తెలిసుంటే బాగుండేది. మీరు ఇలా నోట్ల కోసం వెళ్లేట్టయితే ఒక్క మాట: ఇచ్చేవారితో పాటు ఆ ఇంటి ఆడవాళ్లతోనూ ముందే మాట్లాడి బయలుదేరండి.

ఆల్బంలో ప్రతి నోటు కిందా దేశం, విలువ, దొరికిన ఊరు, ఇప్పుడున్న స్థితి పెన్సిలుతో రాయడం నా అలవాటు. అన్ని నోట్ల కిందా చివర "చెల్లదు" అని ఉంటుంది. ఇంటికి రాగానే ఆ ఖాళీ చోటు కింద రాశాను: బ్రెజిల్, ఐదు క్రుజేరోలు, కంబదూరు దగ్గర. చెలామణిలో ఉంది.