దాసాని కొమ్మ మీద గంజి

పొద్దున్నే మిద్దె మీద మందారం కుండీ ముందు కూర్చుని, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తురాక కోడల్ని పిలిచాను. ఆ మొక్కను వారం కింద ఆదోని బజారులో కొన్నాను. పళ్లెమంత పువ్వు పూస్తుందనీ, ఏటా మొదలుదాకా కత్తిరించినా మళ్లీ చిగురిస్తుందనీ అమ్మినాయన ఊరించాడు. కొమ్మల సందుల్లో తెల్లతెల్లగా ఏదో కనబడుతోంది, చూడమ్మా అన్నాను. కోడలు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండా, నడుం వంచకుండా చూసి, "ఏం లేదత్తమ్మా, అమ్మేవాళ్లు మందు కొట్టినారు కదా, ఆ చుక్కలు ఎండిపోయినాయి" అని కిందికి దిగిపోయింది. నేను వేలు పెట్టి చూశాను. మెత్తగా చితికింది. వేలికంతా బంక, ఆ బంకలో నారింజ రంగు నీళ్లు. ఛీ. మూడుసార్లు సబ్బు రుద్ది కడుక్కున్నా ఆ చేత్తో కాఫీ గ్లాసు పట్టుకోబుద్ధి కాలేదు. అది పిండిపురుగు.

నాకు బల్లి అంటే భయం లేదు. తేలును చెప్పుతో కొట్టినదాన్ని. ఈ పిండిపురుగును మాత్రం చూడలేను. దానికి తల ఎటో తెలియదు, కాళ్లున్నాయో లేవో తెలియదు, పిండి అద్దుకుని కొమ్మకు అతుక్కుని రసం తాగుతూ ఉంటుంది. అది కార్చే తీపి జిగురు కోసం చీమలు బారులు కడతాయి. ఆకుల మీద మసి పేరుకుంటుంది. రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. అయితే ఆ అసహ్యమంతా పురుగు మీదిదే అని చెబితే అబద్ధమవుతుంది. ఇందాక కోడలు చెప్పినలాంటి అబద్ధం ఒకటి నేనూ ఇదివరకు ఆడి ఉన్నాను.

పెళ్లయి ఎమ్మిగనూరుకు వచ్చేనాటికి నాకు పనంటే ఏమిటో తెలియదు. మా నాయన ఆదోనిలో పత్తి వ్యాపారి దగ్గర గుమస్తా. చేతికి మట్టి అంటకుండా పెంచాడు. అత్తగారిది మగ్గం ఇల్లు. వీధి పొడుగునా పడుగు నూలు సాచి, కుంచెలతో గంజి పట్టించే రోజుల్లో ఆ ఇంట్లో గంజి అంటని వస్తువు ఉండేది కాదు. గోడల మీద గంజి, బకెట్ల మీద గంజి, అత్త చీర అంచు నిలబెడితే నిలబడేది. చిన్నప్పట్నుంచీ సన్నపు పోగులు అతికీ అతికీ ఆమె చూపు మందగించింది. పెరట్లో బావి పక్కన ఆమె దాసాని చెట్టు ఉండేది. మందారాన్ని అక్కడ దాసాని అంటారు. హాలహర్విలోని పుట్టింటి నుంచి పెళ్లినాడు తడిగుడ్డ చుట్టి తెచ్చుకున్న కొమ్మ అది. ఆ పుట్టింట్లో ఇప్పుడెవరూ లేరు, ఇల్లు కూడా పడిపోయింది, మిగిలింది ఈ చెట్టొక్కటే అని ఆమె అందరికీ చెప్పేది. రోజూ ఒక ఎర్రపువ్వు కోసి మగ్గానికి పెడితే తప్ప మామ నేతకని మగ్గం కింది గుంటలో కాలు పెట్టేవాడు కాదు. నా మొదటి వేసవిలో నూలు దొరక్క మగ్గం ఆగిపోయి, మామ ఊళ్లు పట్టుకు తిరుగుతున్నప్పుడు కూడా ఆమె పువ్వు మానలేదు.

ఆ వేసవిలోనే ఒకనాడు అత్త చెట్టు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. "ఏమ్మే, కొమ్మల మీద తెల్లగా ఏందో మసకమసకగా కనపడతాంది. నీ కండ్లు మంచివి, సూడు."

చూశాను. నాకు తెలుసు. ఆదోనిలో మా ఇంటి జామచెట్టుకు పట్టినప్పుడు మా అమ్మ గుడ్డతో తుడుస్తుంటే వాంతి చేసుకున్నదాన్ని. పురుగు అన్నానంటే తుడవాల్సింది నేనే. "గంజి అత్తా, ఎగిరి పడినట్టుంది" అన్నాను. ఆమె నా మొహం వైపు ఒక క్షణం చూసి, "అట్లనా" అని లోపలికి పోయింది. బతికిపోయాననుకున్నాను.

తర్వాత నెల రోజులు ఆ పెరట్లోకి పోవడమే మానుకున్నాను. బట్టలు ఆరెయ్యాల్సి వస్తే మొహం తిప్పుకుని ఆరేసేదాన్ని. కొనలు ముడుచుకుపోయాయి. మొగ్గలు పసుపుపచ్చగా మారి రాలాయి. ఒక పొద్దు మగ్గానికి పెట్టడానికి పువ్వు లేదు. ఆరోజు అత్త పెరట్లోకి పోయి కొమ్మను రెండు వేళ్లతో నిమిరింది. గంజి ఎండితే గరగరలాడుతుందని ఆ వేళ్లకు చెప్పాలా? కొడవలి తెచ్చి చెట్టును మూరెడు మొదలు మిగిల్చి నరికింది. మొదలు చుట్టూ ఉన్న పురుగును ఒట్టి చేతులతో గీకి, కొమ్మలన్నీ మూలకు లాగి కాల్చింది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాను. ఆ రోజు నన్ను చూస్తే నాకే రోత పుట్టింది. అయినా కాలు కదల్లేదు.

రెండు వానలు పడ్డాక మోడు చిగురించింది. మామకు నూలు దొరికింది. మొదటి పువ్వు మగ్గానికి పెట్టినరోజు అత్త సంతోషంగా ఉంది కదా అని ధైర్యం చేసి, "అది గంజి కాదని నాకప్పుడే తెలుసు అత్తా" అన్నాను.

ఆమె పోగు అతుకుతూనే ఉంది. "నాకూ తెలుసు. ఆ నెలంతా మగ్గం ఆడలేదు కదమ్మే. మనింట్లో గంజి యాడిది?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే సెప్తావని సూసినా." పోగు నులిమి అంది, "సెట్టుదేముంది, నరికితే మళ్లా వస్తాది."

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పోయేదాకా నన్ను ఒక్క మాట తూలనాడలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

ఇందాక సబ్బునీళ్ల బకెట్టూ, పాత గుడ్డా తెచ్చి కుండీ పక్కన పెట్టుకున్నాను. కోడలు ఆఫీసుకు పోతూ మెట్ల దగ్గర్నుంచి "వస్తానత్తమ్మా" అంది. అది మందు కాదమ్మా, పురుగు అని నాలుక చివరిదాకా వచ్చింది. సరే అన్నాను. సాయంత్రం నిజం తనే చెబుతుందేమో చూద్దామని గుడ్డ ముట్టకుండా కూర్చున్నాను. పురుగు కళ్లెదుట అట్లాగే ఉంది. పది నిమిషాలకే నా ఓపిక అయిపోయింది. చూపు ఆనని ఆ మనిషి, పుట్టింటి చెట్టు ఎండిపోతుంటే, నా నోటి మాట కోసం నెల రోజులు ఎట్లా ఆగిందో.