సత్యశ్రీ ఏం వెతికింది?

బండారులంకలో చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే సత్యశ్రీకి పెళ్ళయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. ఆమె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పేసింది. ఇక చేయించుకోవాల్సింది భర్త రాజేంద్ర. ఆ మాటెత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోతాడు మహానుభావుడు.

అందుకని ఫోన్‌లో వెతికింది. అక్కడే కొంప మునిగింది. అమలాపురంలో ఫోన్లు కొన్నప్పుడు షాపువాడు ఇంటిల్లిపాదికీ ఒకే మెయిల్ ఐడీ పెట్టాడు. పాస్‌వర్డు ఒక్కటైతే మరిచిపోమని అందరూ సంబరపడ్డారు కూడా. ఒకరు వెతికింది అందరి ఫోన్లలోనూ కనబడుతుందని ఎవరికీ తెలీదు. మర్నాడు అత్తగారు రాజేశ్వరమ్మ భజన పాటల కోసం ఫోన్ తెరిస్తే, "మగవారిలో సంతానలోపం" అంటూ కోడలి ప్రశ్న కనబడింది.

"నా కొడుక్కి లోపవా? ఊరంతా చదువుకునేలా రాసేవా?" అని ఆవిడ వీధి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నిజానికి ఊరికి చదివి వినిపించింది ఆవిడే.

సత్యశ్రీ మొండిది. డిజైన్లు గీసే పాత కంప్యూటర్‌లో విండోస్‌కి బదులు లినక్స్ ఉంది. మగ్గాల చప్పుడు ఆగే మధ్యాహ్నాల్లో కూర్చుని, దాన్లో సొంత సెర్చ్ ఇంజన్ పెట్టుకుంది. మన పేరు చెప్పకుండా మన ప్రశ్నను బయట అడిగి, జవాబు తెచ్చిచ్చి, ఆ సంగతే మరిచిపోతుందది. కమాండ్‌లో ఒక్క చుక్క తప్పితే పని మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి తెర మీద ఖాళీ పెట్టె తెరుచుకుంటే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ ఇంట్లో ఆమె ఏదైనా అడగగలిగింది దాన్నొక్కదాన్నే. చిన్న పరీక్షేనని, చాలామందికి మందులతోనే నయమవుతుందని అదే చెప్పింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. రాజేంద్ర వచ్చి మౌస్ లాక్కున్నాడు.

"ఇందాకటి దాకా ఏం చూసేవో చూపించు."

"ఇందులో ఏవీ మిగలవండి. అలాగే పెట్టేను."

"మిగలవా? తుడిచేసేవన్నమాట! ఎవడితో మాట్లాడుతున్నావ్?"

"నేను ముందే అన్నాను కదరా," అంది అత్తగారు వెనక నుంచి.

అప్పుడు చదివి తిట్టారు. ఇప్పుడు చదవడానికేమీ లేదని తిట్టారు. ఏమీ లేనిచోట ఎవరికి తోచిన పాపం వాళ్ళు ఊహించుకున్నారు. సత్యశ్రీకి ఒళ్ళు మండిపోయింది.

రాజేంద్ర ప్లగ్ పీకేశాడు. ఆమె వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం వెతికేనో నన్నే అడగండి. అత్తయ్యగారి ముందే చెబుతాను. అడగండి."

రాజేంద్ర తల దించుకుని చేతిలో ఉన్న వైరు చుట్టసాగాడు. పొయ్యి మీద పాలున్నాయంటూ రాజేశ్వరమ్మ లోపలికి నడిచింది. సత్యశ్రీ అక్కడే నిలబడి చాలాసేపు చూసింది. తల్లీ కొడుకుల్లో ఒక్కరూ అడగలేదు.