నూకాలక్క జాడించిన దుప్పట్లు

మా మేడమీద అద్దెకున్న పిల్ల రోజూ పొద్దున్నే నీళ్ళ ట్యాంకు వెనకాల ఒక చిన్న దుప్పటి ఆరేస్తుంది. ముందు వైపు ఎండ పుష్కలంగా ఉంటుంది, తీగ ఖాళీగా ఉంటుంది, అయినా వెనక్కే వెళ్తుంది. మొన్న వడియాలు ఎండబెడదామని పైకి ఎక్కితే గాలి అటునుంచి వీచింది. సబ్బు వాసన కింద, ఎంత ఉతికినా పోని ఆ రెండో వాసన ముక్కుకు తగిలింది. నన్ను చూసి ఆ పిల్ల తడబడి, "పాప రాత్రి పాలు ఒలకబోసింది మామ్మగారూ" అంది. పాల వాసన ఏదో, అది ఏదో నాకు తెలియకపోతే కదా. వడియాలు పెట్టుకుని దిగిపోయాను. మెట్ల మీద పాతికేళ్ళ కిందటి నూకాలక్క, ఫినాయిల్ నీళ్ళకి తెల్లగా ముడతలు పడిన చేతులతో, నా ఎదురుగా నిలబడినట్టయింది.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. నూకాలక్క బడి గుమ్మమే ఎక్కలేదు. అయినా నాకు చదువు చెప్పింది ఎవరని అడిగితే ఆవిడ పేరే చెప్పాలి. ఆ చదువుకి రుసుం మాత్రం నేను కట్టలేదు, నా కూతురు కట్టింది.

డెబ్బైల చివర్లో మేము టాటానగర్ దగ్గర భుయ్యాడీహ్ బస్తీలో పెంకుటిళ్ళ వరసలో ఉండేవాళ్ళం. మా ఆయనది ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద కార్ఖానాలో పని. నూకాలక్కది మా పక్క గది. మొగుడు పోయాక ఆస్పత్రిలో పిల్లల వార్డులో ఆయాగా చేరింది. తడిసిన దుప్పట్లు చాకళ్ళకి వేసేముందు ఒకసారి జాడించడం ఆవిడ పని. మనిషి లావుగా, గొంతు పెద్దగా ఉండేది. వంటింట్లో ఒక పద్ధతి లేదు, ఉప్పు ఒకచోట, గరిటె ఒకచోట. ఉన్నది ఉన్నట్టు ఎవరి మొహం మీదైనా అనేసేది. నాకు ఆవిడంటే చులకన. నా ఇంట్లో బియ్యపు గింజ కింద పడనిచ్చేదాన్ని కాదు, పాత చీరలతో కుట్టిన బొంతలు ఏళ్ళ తరబడి మన్నేవి. అలాంటి ఇంట్లో నా పెద్దకూతురు గౌరి తొమ్మిదేళ్ళు వచ్చినా పక్క తడుపుతూనే ఉండేది.

అది నాకు రోగంలా కనిపించలేదు, పొగరులా కనిపించింది. ముందు కొట్టాను. తర్వాత బొంత పాడవుతోందని తీసేసి, గోనె సంచులు రెండు కలిపి కుట్టి దాని మీద పడుకోబెట్టాను. మధ్యాహ్నం దాటాక నీళ్ళు ముట్టనిచ్చేదాన్ని కాదు. అప్పటికీ మానకపోతే, పొద్దున్నే ఆ గోనెని వీధి వైపు కంచె మీద ఆరేసి, గౌరిని దాని పక్కన నిలబెట్టడం మొదలుపెట్టాను. గోనె ఆరేవరకూ అక్కడే. బడికి వెళ్ళే పిల్లలందరూ దాన్ని చూస్తూ వెళ్ళేవాళ్ళు. ఏడ్చేది కాదు. కంచె కర్రకున్న బెరడు గోటితో గీరుకుంటూ నిలబడేది. అది మొండితనమని నేను అనుకున్నాను.

ఒకరోజు డ్యూటీకి బయలుదేరుతూ నూకాలక్క ఆగి నన్ను పేరు పెట్టి పిలిచింది.

"నర్సీ, ఎందుకే గుంటని ఎండలో నిలబెట్టేవు?"

"పక్క తడిపింది. నలుగురూ సూత్తే సిగ్గొచ్చి మానేత్తాది."

"సిగ్గుకి మానేదైతే నాకీ డూటీ ఎందుకే. పన్నెండేళ్ళయి జాడిత్తన్నాను. పెద్ద సాహెబు పిల్లదీ తడుత్తాది, ఝాడూ కొట్టేవోడి పిల్లదీ తడుత్తాది. వాసనొకటే. జొరానికొచ్చిన గుంట, కాలిరిగొచ్చిన గుంట, ఎవుల్దైనా అంతే. తల్లులందరిదీ ఒకటే మాట, ఇంటికాడ ఎప్పుడూ నేదు, ఇక్కడికొచ్చాకే అని. అంతా అబద్దమే. ఈ వరసలో ఎన్ని బొంతలు సాటుగా ఇంట్లోనే ఆరతన్నాయో నాకు తెల్సు. నువ్వొక్కద్దానివే ఈదిలో ఎట్టేవు."

"మా ఇంటి సంగతి మేం సూసుకుంటాం అక్కా."

"సూసుకో. నానడిగిన దానికి సెప్పు. నిద్దర్లో లేపితే లెగుత్తాదా?"

"దున్నపోతు నిద్దర. గెంటినా లెగదు."

"అదీ సంగతి. ఒళ్ళు తెలీకపోతే దాని తప్పేటున్నాది? మరి దొడ్డికి రోజూ ఎల్తాదా?"

మా బస్తీలో మరుగుదొడ్డి అన్నది లేదు. ఆడవాళ్ళం చీకటితోనే లేచి సువర్ణరేఖ ఒడ్డుకి పోయేవాళ్ళం. గౌరికి నలుగురిలో కూర్చోవడం చేతకాదు, ఉత్తినే వెనక్కి వచ్చేసేది. బడిలో ఆడపిల్లలకి చోటే లేదు. మళ్ళీ పొద్దు గూకేవరకూ అన్నీ బిగబట్టుకుని ఉండేది. నాలుగు రోజులకి ఒకసారి కడుపునొప్పి అని ముడుచుకుని పడుకుంటే, బడి ఎగ్గొట్టడానికి వేషాలని నేను కసిరేదాన్ని.

నా మొహం చూసి నూకాలక్కే చెప్పింది. "పొద్దల్లా ఆపుకున్న గుంటని నిద్దర్లో కూడా ఆపుకోమంటే ఎలగే? పైగా నీళ్ళు తాగనివ్వవు. కడుపు రాయైపోద్ది. రాయైన కడుపు పక్కనున్న ఉచ్చ సంచీని నొక్కుతాది. నా మాట కాదిది, డాక్టరమ్మ రోజూ తల్లులకి సెప్పేదే, నాను ఇంటన్నాను. ఇంకోటడుగుతాది ఆవిడ. తల్లికో తండ్రికో సిన్నప్పుడు ఉండేదా అని. ఉంటే పిల్లలకీ వత్తాదంట, ముక్కూ మొహం వచ్చినట్టే. నీకుందేటి? మీ ఆయనకి?"

"మా రెండు వంశాల్లో ఎవుళ్ళకీ నేదు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది.

"సరే, గురువారం నాకు పొద్దుటి డూటీ. గుంటని నా ఎంట తోలు. డాక్టరమ్మకి సూపిత్తాను. నువ్వు రానక్కర్నేదు, నీకు సిగ్గు గదా."

ఒప్పుకున్నాను. దాని మీద జాలితో కాదు, గోనెలు కుళ్ళిపోతున్నాయని. గౌరికి ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం దాని మొహం విప్పారింది. "సచ్ మే, అమ్మా?" నిజమేనా అని రెండుసార్లు అడిగింది. గురువారానికి ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

మంగళవారం పాలకొండ వైపు మా సొంతూరి నుంచి మా అత్త రైలు దిగింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే కంచె మీద గోనె చూసింది, పక్కన మనవరాలిని చూసింది. డాక్టరమ్మ మాట చెప్తే పెదవి విరిచింది. "దీనికి ఆసుపత్రేటే. రేప్పొద్దున్న సమంధం సూసేవోలికి తెలిత్తే? మన కాడ పసుపు కొమ్ముతో ఒక్క వాతెడితే మళ్ళీ జన్మలో తడపరు. నాకు సెయ్యి వణుకుతాది, నువ్వెట్టు."

మా వైపు అది కొత్త కాదు. పిల్లకి ఏ జబ్బు చేసినా ఎర్రగా కాల్చిన పసుపు కొమ్ముతో వాత పెట్టడం చూస్తూనే పెరిగాను. ఖర్చు లేని వైద్యం. అత్త గౌరి చేతులు పట్టుకుంది. నేను బొడ్డు కింద పెట్టాను. మా ఆయన అప్పుడే రాత్రి షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. గౌరి "నాన్నా" అని ఒక్కసారి పిలిచింది. నన్ను కాదు, అత్తని కాదు, ఆయన్ని పిలిచింది. ఆయన గ్లాసు పట్టుకుని లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు. మగాళ్ళకి గుండె ధైర్యం తక్కువ, ఇలాంటివి మనమే చెయ్యాలి అనుకున్నాను. అలా అనుకున్నాను, నిజం.

గురువారం పొద్దున్నే నూకాలక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. గౌరి మూలన గోడకి తిరిగి పడుకుని ఉంది. ఆవిడ గౌను పక్కకి జరిపి చూసింది. గదికి వెళ్ళి ఆస్పత్రి పూతమందు తెచ్చి, చిటికెన వేలితో రాసింది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. వాత పెట్టినప్పటి నుంచి ఏడవనిది ఆవిడ చెయ్యి తగిలితే ఏడ్చింది. దాన్ని సముదాయించి బయటికి వచ్చాక నాతో అంది, గొంతు ఎత్తకుండా. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"మీ ఆయన పంపు కాడ స్నానం సేత్తన్నప్పుడు సూసేను. బొడ్డు కింద మూడు వాతలున్నాయి. దేనికంట?"

"పచ్చకామెర్లకి. సిన్నప్పుడు."

"కామెర్లకి మణికట్టు కాడ ఎడతారే నర్సీ. మనూళ్ళో పుట్టినదానివి, నీకు తెల్దేటి? బొడ్డు కింద ఎడితే దేనికో నిన్న నువ్వే ఎట్టేవు గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా మొగుడి ఒంటి మీది మచ్చలు ఈవిడ లెక్కపెట్టడమా అన్నది పైకి వచ్చిన కోపం. లోపల ఉన్నది భయం. "నా గుమ్మం తొక్కకు" అన్నాను. అందరూ వినేలా అన్నాను. ఆవిడ పూతమందు డబ్బా గడప మీద పెట్టి, "రోజుకి రెండు మాట్లు రాయి. నీళ్ళు తాగనియ్యి" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాతో మళ్ళీ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం అత్త చేటలో బియ్యం ఏరుతుంటే అడిగాను. ఆవిడ చేతులు ఆగలేదు. "ఔను, ఆడికి పన్నెండేళ్ళొచ్చిందాకా తడిపేడు. మూడు మాట్లు ఎట్టించేను."

"వాతలతో మానిందా?"

"మాన్నేదు. కొన్నాళ్ళకి దానంతటదే మానింది."

"మరి గౌరికి ఎందుకెట్టమన్నావు?"

"నాకు మా అత్త సెప్పింది, నీకు నాను సెప్పేను. మొగోడి పరువు ఈదిలో ఎయ్యమంటావేటి?" అని ఒక రాయి ఏరి అవతల పారేసింది.

మా ఆయన్ని నేను అడగలేదు. అడిగితే ఆయన చెప్పాలి, చెప్తే నేను వినాలి. ఇద్దరం ఒకే గదిలో ఇరవై ఏళ్ళు పైగా ఆ మాట చుట్టూ తిరుగుతూ బతికాం. ఆయన ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పొద్దున నా చెయ్యి ఆగేది. ఆ మాట అనుకుంటూనే ఆయన మీద కోపం పెంచుకున్నాను. నా మీద కోపం కంటే అది మోయడం తేలిక.

గోనెలు తీసేసి బొంత పరిచాను. పొద్దల్లా నీళ్ళు తాగమన్నాను. జనం తగ్గాక నది ఒడ్డుకి దాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్ళి, తొందరపెట్టకుండా కూర్చోనిచ్చాను. కడుపునొప్పి తగ్గింది, పక్క తడపడం వారానికి రెండు మూడు సార్లకి వచ్చింది. పూర్తిగా పోవడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ గౌరి నన్ను లేపలేదు, నాకు చెప్పలేదు. నేను లేచేసరికి తన బొంత తనే ఉతికి, ఇంటి లోపల ఆరేసి ఉండేది. మంచి పిల్ల, పని నేర్చుకుంది అని చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు.

నూకాలక్క తర్వాత ఎప్పుడో కూతురి దగ్గరికి టాటానగర్ రైల్వే క్వార్టర్లకి వెళ్ళిపోయింది. ఒక్క బస్సు ఎక్కితే వెళ్ళగలిగే దూరం. అటు వైపు పని మీద ఎన్నోసార్లు వెళ్ళాను, ఆ క్వార్టర్ల ముందు నుంచే నడిచాను. మొహం చెల్లలేదు. పోయిందని ఎవరో చెప్తే, ఎప్పుడు అని మాత్రం అడిగాను. ఆవిడ చెప్పినవే ఇప్పుడు నేను ఊళ్ళోవాళ్ళకి చెప్తాను. నీళ్ళు మాన్పించకండి, ఆపుకోనివ్వకండి, కొట్టకండి, డాక్టరుకి చూపించండి, ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళని నిజం అడగండి అంటాను. మేడమీది పిల్లకీ రేపో మాపో చెప్తాను. వినేవాళ్ళు నన్ను అనుభవం ఉన్న మనిషి అనుకుంటారు. ఉంది మరి.

గౌరి ఇప్పుడు ఇదే ఊళ్ళో కద్మాలో ఉంటోంది. దానికొక కూతురు. పగలు నా దగ్గర దింపి ఉద్యోగానికి వెళ్తుంది, చీకటి పడకముందే వచ్చి తీసుకుపోతుంది. వాన పడినా సరే, తనకి జ్వరం వచ్చినా సరే, పిల్లని ఒక్క రాత్రి నా దగ్గర ఉంచలేదు. ఎందుకని నేను అడగలేదు. వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాది, ఒక సాయంత్రం అది పిల్ల బట్టలు సంచీలో సర్దుతుంటే, ఇక దాచి ఏం లాభమని మొదలుపెట్టాను.

"గౌరీ, మీ నాన్నకి కూడా సిన్నప్పుడు పక్కలో..."

"ముఝే పతా హై, అమ్మా" అంది, తల ఎత్తకుండా.

"తెల్సా? ఎవులు సెప్పేరు?"

"నాన్నే. నువ్వు నాకు వాత పెట్టావు చూడు, ఆ వారం ఆదివారమే. నదికి తీసుకెళ్ళి చొక్కా ఎత్తి తనవి చూపించాడు. బహుత్ రోయా, చాలా ఏడ్చాడు. అమ్మకి చెప్పకు అన్నాడు."

"అప్పట్నించీ నాకు సెప్పలేదేటే?"

అది సంచీ తాడు ముడి వేసింది. "నీకు చెప్తే ఏం చేసేదానివి?" అని మామూలుగా అడిగి, పిల్లని చంకనేసుకుని బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

నూకాలక్క బతికుంటే ఏమనేదో తెలియదు. తప్పు ఒప్పుకోవాల్సినవాళ్ళం మా ఆయనా నేనూ, ఇద్దరం. ఆయన తన ఒంటి మీది మచ్చలు చూపించి కూతురి దగ్గర బయటపడ్డాడు. నాకు చూపించడానికి మచ్చ లేదు.