మూడంగుళాల చుక్క

ఆత్మకూరు బస్టాండులో ఫ్యాన్లు మనుషులు కూర్చోని చోటే బాగా తిరుగుతాయి. దీని గురించి రెండుసార్లు అర్జీ రాశాను. రెండోదాని తర్వాత ఒక ఫ్యాను ఆగిపోయింది కాబట్టి మూడోది రాయలేదు.

ఆ బస్టాండుకు ఎదురుగా, ఎరువుల కొట్టు మీది గదిలో కూర్చుని నేనొక పటం తయారు చేశాను. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో రైతులు ఫోనులో వెతుక్కోవడానికి. ఏం అడగాలో తెలియని మనిషికి ఖాళీ పెట్టె చూపించి టైపు చెయ్యమంటే ఏం చేస్తాడు? అందుకని అక్షరాలు తీసేసి చుక్కలు పెట్టాను. నీళ్ళు ఎక్కువుంటే చుక్క పెద్దది. వేలితో జరుపుతూ పోతే పక్క ఊళ్ళు వస్తాయి. నలుగురూ ఆగి చూసిన చోట పసుపు వెలుగు కమ్ముతుంది. ఆ వెలుగు నా సొంత ఆలోచన. దాని మీద కొంచెం గర్వం కూడా ఉండేది.

వివరాల కోసం ఊరూరా తిరిగాను. బోరులో మూడంగుళాల ధార పడితే ఒకటిన్నర అని చెప్పడం మా వైపు మర్యాద. అది తెలిసీ, చెప్పింది చెప్పినట్టే ఎక్కించాను. కంప్యూటరులోకి ఎక్కాక ఏదైనా నిజంలాగే కనిపిస్తుంది. సీతారామపురం దగ్గర మా మామ ఒక్కడే మూడుకి మూడూ చెప్పాడు, మేనల్లుడి దగ్గర దాపరికమేంటని.

పటం జనం చేతుల్లోకి వెళ్ళిన రెండో నెలలో, డ్రిప్పు పైపుల కోసం ఆత్మకూరు వచ్చిన మామ మెట్లెక్కి నా గదికి వచ్చాడు.

"ఏందిరా అల్లుడూ, మా పక్క బోరు లారీలు తెగ తిరగతా ఉండాయి. నా గట్టుకి ఆనుకోని రెండేసినారు. మూడోది నిన్న దిగినాది. అందరికీ ఒకే కలొచ్చినాదా ఏంది?"

"నీళ్ళు పడినాయా మామా?"

"పడకేం. నాయి తగ్గినాయి. బత్తాయి చెట్లు ఆకు ముడుస్తా ఉండాయి."

నా పనితనం చూపిద్దామని పటం తెరిచాను. సీతారామపురం వచ్చింది. చిన్న చిన్న చుక్కల మధ్య ఒక్కటే పెద్ద చుక్క. దాని చుట్టూ పసుపు, పటం మొత్తంలో ఇంకెక్కడా లేనంత. మేం చూస్తుండగానే ఇంకాస్త చిక్కబడింది.

"ఆ పెద్దది ఎవురిది?"

"నీదే."

"చుట్టూ ఆ పసుపేంది?"

"చూసేవాళ్ళు, మామా."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కూడా."

మామ కండువా కొసతో తెర తుడిచాడు. పోలేదు.

"తీసెయ్యి."

అక్కడికక్కడే తీసేశాను. కానీ కొండ పక్క ఊళ్ళలో సిగ్నల్ నిలవదని, పటం ఎవరి ఫోనులో వాళ్ళకు మిగిలిపోయేలా చేసింది కూడా నేనే. ఆ మాటా చెప్పాను.

మామ పైపుల చుట్ట భుజానికెత్తుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"నీకు చెప్పినాను. ఊరికి చెప్పమన్నానా?"